"పొటాషియం ఆరు దాటిందమ్మాయ్, ఇప్పుడేం చేస్తావ్?": ఎన్‌క్లెక్స్‌కి ల్యాబ్ వాల్యూలు నేర్చుకునే పద్ధతి

వార్డులో పేషెంట్ తాలూకు మనుషులకు అంకెలు భలే గుర్తుంటాయి. "సిస్టరమ్మా, మా నాయనకు రక్తం ఏడు పాయింట్లే ఉండాది, ఎక్కిస్తారా?" అంటారు. "కిడ్నీ పాయింట్లు నిన్న ఆరు, ఇయ్యాల ఆరున్నర" అని లెక్క అప్పజెప్తారు. "ఉప్పు తగ్గిందంటుండారు, ఉప్మాలో రొంత ఎక్కువెయ్యమంటావా?" అని నన్నడిగిన పెద్దమ్మ కూడా ఉంది. వీళ్లెవరూ పట్టిక బట్టీ పట్టలేదు. మంచం మీద ఉన్నది తమ మనిషి, అందుకే ఆ అంకె మనసులో నాటుకుపోయింది. అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కు చదివే పిలకాయలకు నేను చెప్పేది కూడా ఇదే: ప్రతి అంకెనూ ఒక మంచానికి కట్టేయండి. విడిగా వదిలిపెడితే పారిపోతుంది.

ముందు పరీక్ష సంగతి. ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ 2023 ఏప్రిల్ నుంచి కొత్త తరహాలో నడుస్తోంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం 5 గంటలు. ఒక ప్రశ్న దాటాక మళ్లీ వెనక్కి పోయే వీల్లేదు. కేసు ప్రశ్నల్లో రిపోర్టు పక్కనే నార్మల్ రేంజి కనిపిస్తుంది కూడా. "మరింకెందుకక్కా నేర్చుకోవడం?" అని ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు అడుగుతారు. రిపోర్టులో పన్నెండు అంకెలుండి, అందులో నాలుగు రేంజి బయట ఉంటే, మనిషి ప్రాణం వాటిలో దేనిమీద ఉందో ఏ రేంజీ చెప్పదు. పైగా విడి ప్రశ్నల్లో కూడా రేంజి చూపిస్తారన్న ధీమా పెట్టుకోకూడదు. గల్ఫ్ పరీక్షలకో, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌కో చదివేవాళ్లయితే చెప్పనే అక్కర్లేదు. నార్‌సెట్‌లో తప్పు రాస్తే మూడో వంతు మార్కు పోతుంది, అక్కడ ఊహించి టిక్కు పెట్టడం ఖరీదైన పని.

మొదటి పని: ఒకే పట్టిక

ఒక పుస్తకంలో సోడియం 135 నుంచి మొదలవుతుంది, ఇంకోదాంట్లో 136 నుంచి. తెల్లకణాలు ఒకచోట 4,000–11,000, మరోచోట 5,000–10,000. కాల్షియం ఒకరికి 8.5, ఇంకొకరికి 9. ఈ తేడాలు చూసి నెల రోజులు పట్టికలు సరిపోల్చుకుంటూ కూర్చున్నవాళ్లను చూశాను. శుద్ధ దండగ. పరీక్షలో పేషెంట్ సోడియం 135 ఉండదు. 118 ఉంటుంది, లేకపోతే 158 ఉంటుంది. అంచు మీద నిలబెట్టి అడగరు. మీ దగ్గరున్న మంచి పుస్తకంలోంచి ఒక పట్టిక తీసుకుని, లాంగ్ నోట్‌బుక్‌లో మీ చేతిరాతతో రాసుకోండి. ఎడమ పేజీలో పేరు, కుడి పేజీలో అంకె. ఆ తర్వాత ఇంకే పట్టికా చూడొద్దు.

మొదటి వారానికి పాతిక చాలు. రాసుకునేటప్పుడు పుస్తకంలో ఉన్న వరసలో రాయకండి. జతలు కలిపి రాయండి.

రెండో పని: జతలు

అన్నిటికన్నా ముందు 35–45 నేర్చుకోండి. ముందు 1 పెడితే సోడియం, 135–145. ముందు 7 పెట్టి చుక్క పెడితే రక్తం పీహెచ్, 7.35–7.45. ఏమీ పెట్టకపోతే ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్, 35–45. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు.

తర్వాత 3.5–5. పొటాషియం అంతే, రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ అంతే. ఆల్బుమిన్ తగ్గినవాళ్లకు మొత్తం కాల్షియం కూడా తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే రక్తంలో కాల్షియంలో పెద్ద భాగం ఆల్బుమిన్‌ను పట్టుకునే తిరుగుతుంది. కాబట్టి కాల్షియం తక్కువ చూడగానే ఆల్బుమిన్ ఎంతో చూడండి.

0.6–1.2 నాకు బాగా ఇష్టమైన జత. క్రియాటినిన్ అదే, మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం మందు స్థాయి అదే. రెండూ కిడ్నీ మనుషులే. కిడ్నీ మందగిస్తే లిథియం ఒంట్లో పేరుకుంటుంది, 1.5 దాటితే విషం లక్షణాలు మొదలు. ఎండాకాలం చెమటకు ఒంట్లో ఉప్పు పోయినా లిథియం పెరుగుతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో ఈ ముక్క మరిచిపోయే పని లేదు.

10–20లో ముగ్గురుంటారు: ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్, బ్లడ్ యూరియా నైట్రోజన్.

కాల్షియం 9–10.5, ఫాస్ఫరస్ 3–4.5. ఈ రెండూ కావడి కుండలు. ఒకటి లేస్తే రెండోది దిగుతుంది. కిడ్నీ పాడైనవాళ్లలో ఫాస్ఫరస్ లేచి కాల్షియం దిగుతుంది.

హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12–16, మగవాళ్లకు 14–18. దాన్ని మూడుతో గుణిస్తే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఇంచుమించు వచ్చేస్తుంది. హెమటోక్రిట్‌ను వేరే బట్టీ పట్టొద్దు.

మిగతావి జతలకు లొంగవు, విడిగా రాసుకోవాల్సిందే. క్లోరైడ్ 98–106, మెగ్నీషియం 1.3–2.1, బైకార్బనేట్ 22–26, పరగడుపు షుగర్ 70–100, తెల్లకణాలు 5,000–10,000, ప్లేట్‌లెట్లు 1,50,000–4,00,000, గుండె మందు డిగాక్సిన్ 0.5–2. మూడు నెలల షుగర్ 5.7 లోపు నార్మల్, 6.5 నుంచి మధుమేహం.

మూడో పని: ఒక్కో అంకెకు మూడు ప్రశ్నలు

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. నోట్‌బుక్‌లో ప్రతి వాల్యూ కింద మూడు గీతలు వదలండి. ఎవరికి ఇది తప్పుతుంది? తప్పితే మనిషి ఎలా కనిపిస్తాడు? నేను మొదట ఏం చేస్తాను? చాలామంది మొదటి రెండూ రాసి మూడోది ఖాళీగా వదిలేస్తారు. మార్కులన్నీ ఆ మూడో గీత మీదే ఉన్నాయి.

పొటాషియంతో చేసి చూపిస్తాను. కనిగిరి వైపు నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. ఇంట్లో పెళ్లి, ఒక డయాలసిస్ మానేశాడు. పైగా ఎండ, చలవ చేస్తుందని రెండు కొబ్బరి బోండాలు తాగాడు, పెళ్లి భోజనంలో అరటిపండు సరేసరి. కాళ్లు లాగేస్తున్నాయని వచ్చాడు. పొటాషియం 6.9. క్రియాటినిన్ 8, యూరియా ఆకాశంలో ఉంది. హిమోగ్లోబిన్ కూడా 8. ఈ నాలుగింటిలో మిగతా మూడూ ఆయనకు పాత చుట్టాలే, ఈ గంటలో ఆయన్ను చంపేది పొటాషియం ఒక్కటే. మొదట మంచం దగ్గరికి పోవాలి, మానిటర్ తగిలించాలి. ఈసీజీలో టీ వేవ్ గుడి గోపురంలా కోసుగా లేచి ఉంటే డాక్టర్‌కు ఫోన్. కాల్షియం గ్లూకోనేట్ గుండెను కాపాడుతుంది కానీ పొటాషియాన్ని ఒక్క పాయింటు కూడా దించదు. ఇన్సులిన్, దాంతోపాటు డెక్స్‌ట్రోజ్, పొటాషియాన్ని కణాల్లోకి నెడతాయి. అప్పుడు షుగర్ చూస్తూ ఉండాలి. ఒంట్లోంచి బయటికి పంపేది మాత్రం డయాలసిస్. ఈ వరస తెలిస్తే పొటాషియం మీద వచ్చే ప్రశ్నల్లో సగం చేతికొచ్చినట్టే.

రెండో వైపు, తక్కువ పొటాషియం. నీరు తీసే ఫ్యూరోసిమైడ్ మందు వాడేవాళ్లు, వాంతులు, విరేచనాలు అయినవాళ్లు. కండరాల్లో సత్తువ ఉండదు, పేగులు మందగిస్తాయి, ఈసీజీలో యూ వేవ్ కనిపిస్తుంది. డిగాక్సిన్ కూడా వాడుతుంటే ప్రమాదం రెట్టింపు, పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషమవుతుంది. పొటాషియం క్లోరైడ్‌ను సిరంజితో నేరుగా నరానికి ఎప్పుడూ నెట్టకూడదు. సెలైన్‌లో కలిపి, పంపు మీద, మామూలు చేతి నరానికైతే గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకుండా. ఎక్కించేముందు మూత్రం వస్తోందా లేదా చూడాలి. ఇచ్చిన నాలుగు జవాబుల్లో "నేరుగా ఇవ్వండి" అని ఒకటి ఉంటే, మిగతావి చదవకముందే దాన్ని కొట్టేయండి.

సోడియం మెదడు మీద పనిచేస్తుంది. మన వైపు బీపీకి థయజైడ్ మాత్రలు వాడే ముసలివాళ్లు ఎండాకాలం మాటలు తడబడుతూ వస్తారు, రిపోర్టులో 116 ఉంటుంది. ఫిట్స్ వస్తాయేమోనని కాచుకుని కూర్చోవాలి. ఎక్కించడం మెల్లగా, 24 గంటల్లో 8 నుంచి 10కి మించి పెంచకూడదు. తొందరపడితే మెదడుకే దెబ్బ. అన్నట్టు ఉప్మా పెద్దమ్మకు జవాబు: వద్దు, అది వంటింట్లో సరిచేసే ఉప్పు కాదు.

మెగ్నీషియం నేర్చుకోవడానికి లేబర్ వార్డుకు మించిన బడి లేదు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే ప్రతిసారీ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూస్తాం కదా. మొదట పోయేది మోకాలి రిఫ్లెక్సే. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. చేత్తో చేసిన పని ఇది, పుస్తకం తెరవకుండానే మీకు సగం వచ్చు.

తక్కువ కాల్షియానికి థైరాయిడ్ ఆపరేషన్ పేషెంట్‌ను పెట్టుకోండి. పెదాల చుట్టూ చిమచిమ, బీపీ కఫ్ బిగించి ఉంచితే చెయ్యి మణికట్టు దగ్గర వంకరపోవడం. ప్లేట్‌లెట్లకు డెంగీ వార్డు: 50,000 లోపు పడితే మెత్తటి బ్రష్, కండరానికి ఇంజెక్షన్లు వద్దు, 20,000 లోపయితే దెబ్బ తగలకుండానే రక్తం కారొచ్చు.

ఐఎన్‌ఆర్ మన పిల్లలకు ఒక పట్టాన ఎక్కదు. నేను దాన్ని పాముకాటుతో చెప్తాను. పొలంలో రక్తపింజర కరిచిన మనిషి వస్తే, 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతాం. తర్వాత వంచితే, రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారిందా, విషం ఎక్కినట్టే. గడియారం చూసుకుంటూ ఆ ట్యూబు పక్కన నిలబడిన 20 నిమిషాలు గుర్తున్నవాళ్లకు ఐఎన్‌ఆర్ వేరే చెప్పాల్సిన పని లేదు. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎన్ని రెట్లు ఆలస్యమవుతోందో చెప్పే అంకె అది. మామూలు మనిషికి 1 అటూఇటూ. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ మందు వాడేవాళ్లకు కావాలనే 2–3 మధ్య ఉంచుతాం. అందుకే వార్‌ఫరిన్ పేషెంట్‌కు 2.5 ఉంటే అది నార్మల్ దాటినట్టు కాదు, మందు సరిగ్గా పనిచేస్తున్నట్టు. పరీక్ష పెట్టేవాళ్లకు ఈ ఉచ్చు చాలా ఇష్టం. అదే పని చేసే ఇంకో మందు హెపారిన్‌కు చూసేది ఏపీటీటీ అనే గడ్డకట్టే సమయం. మామూలుగా 30–40 సెకన్లు, మందు మీద ఉంటే ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు.

నాలుగో పని: మన రిపోర్టు వేరు, వాళ్ల రిపోర్టు వేరు

మన ల్యాబుల్లో రాసేది బ్లడ్ యూరియా. నార్మల్ 15–40. ఎన్‌క్లెక్స్‌లో అడిగేది బ్లడ్ యూరియా నైట్రోజన్, 10–20. యూరియాను 2.14తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది. మన వార్డులో యూరియా 38 చూసి చూసి అలవాటైనవాళ్లు, పరీక్షలో నైట్రోజన్ 38 చూసి "బాగానే ఉందిగా" అని దాటిపోతారు. అది దాదాపు రెట్టింపు. ప్లేట్‌లెట్లు మనకు లక్షల్లో, వాళ్లకు వేలల్లో. ఒకటిన్నర లక్ష అన్నా నూట యాభై వేలన్నా ఒకటేనని మెదడుకు ఎక్కేదాకా రెండు రకాలుగానూ రాయండి.

గల్ఫ్‌కు పోయేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలి. అక్కడ షుగర్ మిల్లీమోల్స్‌లో వస్తుంది, మన అంకెను 18తో భాగించండి. 70–100 కాస్తా 3.9–5.6 అవుతుంది. క్రియాటినిన్‌ను 88.4తో గుణించాలి. సోడియం, పొటాషియంతో మాత్రం ఏ గొడవా లేదు, ఎక్కడైనా అవే అంకెలు.

ఐదో పని: బొటనవేలు అడ్డం పెట్టి చదవడం

మీరు డ్యూటీలో ఉంటే రోజూ చేతికి రిపోర్టులు వస్తాయి. కుడివైపు నార్మల్ రేంజి వరసను బొటనవేలితో మూసేసి, అంకె ఒక్కటే చూసి ఎక్కువో తక్కువో మనసులో చెప్పుకోండి. తర్వాత వేలు తీసి చూడండి. తర్వాత పేషెంట్ మొహం చూడండి. ఫోన్‌లో ఫొటోలు మాత్రం తీయొద్దు, అది వాళ్ల గుట్టు.

మొహం చూడమని ఎందుకంటున్నానో నా సొంత కథ చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్త, నైట్ డ్యూటీ, తెల్లవారుజామున సాంపిళ్లు తీస్తున్నాను. ఒకామెకు ఎడమ చేతికి డీఎన్‌ఎస్, అంటే గ్లూకోజు కలిసిన సెలైన్, నడుస్తోంది. కుడి చేతికి నరం దొరకలేదు, రెండుసార్లు గుచ్చితే ఆమె ఏడుపు మొహం పెట్టింది. జాలిపడి ఎడమ చేతికే, కాన్యులాకు కాస్త పైన తీసేశాను. రిపోర్టు వచ్చింది: షుగర్ 612, పొటాషియం 2.3, హిమోగ్లోబిన్ రాత్రికి రాత్రి మూడు పాయింట్లు దిగిపోయింది. నాకు చేతులు వణికాయి. పరుగెత్తుకెళ్లి చూస్తే ఆమె మంచం మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది. ల్యాబు అబ్బాయి ఫోన్ చేసి ఒకటే మాట అడిగాడు: "సిస్టర్, ఏ చేతికి తీశారు?" అప్పుడు వెలిగింది. కుడి చేతి వేలికి గ్లూకోమీటర్ పెడితే 118. నేను తీసింది ఆమె అసలు రక్తం కాదు, డ్రిప్పు నీళ్లు కలిసిన రక్తం. ఆ షుగర్‌కు ఎవరైనా ఇన్సులిన్ ఎక్కించి ఉంటే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటివి పరీక్షలోనూ వస్తాయి. పొటాషియం 6.8, మనిషి నింపాదిగా ఉన్నాడు, ఈసీజీ శుభ్రంగా ఉంది, కిడ్నీ జబ్బు లేదు. మొదట అనుమానించాల్సింది సాంపిల్‌నే. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికొస్తుంది. టోర్నికే ఎక్కువసేపు కట్టి ఉంచి, "పిడికిలి మూసి తెరువమ్మా" అని పదిసార్లు అనిపించినా పెరుగుతుంది. ఊదా మూత ట్యూబులో ఎక్కువైన రక్తాన్ని వేరే ట్యూబులోకి వంపితే ఇక చెప్పక్కర్లేదు, ఆ ట్యూబులోని మందులోనే పొటాషియం ఉంటుంది. దాంతోపాటు కాల్షియం పడిపోయి కనిపిస్తుంది. ఈ జోడీ కనిపిస్తే ఎవరో ట్యూబులు మార్చారని అర్థం.

ఆరో పని: ఏబీజీ, మూడు అడుగుల్లో

ఏబీజీ అంటే ధమని రక్తంలో వాయువుల పరీక్ష. దీనికి భయపడేవాళ్లే ఎక్కువ, అసలు సులువైనది ఇదే. పీహెచ్ చూడండి, 7.35 లోపు ఆమ్లం, 7.45 పైన క్షారం. కార్బన్ డయాక్సైడ్ చూడండి, అది పీహెచ్‌కు ఎదురు దిక్కులో పోతే ఊపిరితిత్తుల గొడవ. బైకార్బనేట్ చూడండి, అది పీహెచ్‌తో ఒకే దిక్కులో పోతే జీవక్రియ గొడవ. పీహెచ్ 7.28, కార్బన్ డయాక్సైడ్ 55, బైకార్బనేట్ 24 అంటే మనిషి సరిగా ఊపిరి వదలడం లేదు. పీహెచ్ 7.30, కార్బన్ డయాక్సైడ్ 25, బైకార్బనేట్ 12 అయితే షుగర్ విపరీతంగా పెరిగి ఆయాసపడుతున్న పేషెంట్‌ను ఊహించుకోండి. రోజుకు ఐదు లెక్కలు, పది రోజులు. అంతకుమించి దీని మీద టైం పెట్టొద్దు.

ఏడో పని: నలుగురు పేషెంట్ల ప్రశ్న

ఒకటో మంచం: సీఓపీడీ అనే పాత ఊపిరితిత్తుల జబ్బు, కార్బన్ డయాక్సైడ్ 50. రెండో మంచం: డయాలసిస్ మనిషి, క్రియాటినిన్ 7. మూడో మంచం: ఫ్యూరోసిమైడ్, డిగాక్సిన్ వాడుతున్నాడు, పొటాషియం 2.9. నాలుగో మంచం: నిన్న ఆపరేషన్, తెల్లకణాలు 12,000. ముందు ఎవరి దగ్గరికి పోతారు? క్రియాటినిన్ 7 పెద్ద అంకెగా కనిపిస్తుంది, చాలామంది దానికే పడిపోతారు. కానీ ఆ మనిషికి అది ఎదురుచూసిన అంకె. ఒకటో మంచానికీ అంతే, నాలుగో మంచానికీ అంతే. ఎవరూ ఎదురుచూడనిది మూడో మంచం. ఇలాంటి ప్రశ్నలు మీరే తయారుచేసుకుని రూమ్‌మేట్‌ను అడగండి. ప్రశ్న తయారుచేసేవాడికి వచ్చినంత చదువు జవాబు చెప్పేవాడికి రాదు.

మళ్లీ మళ్లీ చూడటం ఎప్పుడంటారా? నేర్చిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు. విడిగా టైం దొరకదు, ప్రయాణంలో చూసుకోవాలి. నేను కావలి నుంచి నెల్లూరికి పాసింజరులో వచ్చేదాన్ని. బిట్రగుంట వచ్చేలోపు ఎలక్ట్రోలైట్లు, పడుగుపాడు దాటి పెన్న బ్రిడ్జి ఎక్కేలోపు మందుల స్థాయిలు, ఏబీజీ. కుడి పేజీ చున్నీతో కప్పి పెదాలు కదుపుతూ చెప్పుకునేదాన్ని. ఎదురుగా జామకాయల తట్ట పెట్టుకున్నామె కాసేపు చూసి "ఏం మంత్రమమ్మా అది, వాన కోసమా?" అనింది. ఆ రోజు నుంచి గట్టిగానే చదివాను. చెవిన పడితే ఇంకా బాగా నిలుస్తుంది.

పరీక్షకు నెల్లూరు, ఒంగోలు వాళ్లకు చెన్నైగానీ హైదరాబాద్‌గానీ పోవాలి. ముందు రోజే చేరుకోండి. గుర్తింపుకు పాస్‌పోర్టే చూస్తారు, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో ఇంటి దగ్గరే అక్షరం అక్షరం చూసుకోండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా. లోపల చెరిపి రాసుకునే బోర్డు, మార్కర్ ఇస్తారు. పరీక్ష మొదలయ్యాక ఒక మూల 35–45 అని రాయండి, దాని కింద 3.5–5, దాని కింద 0.6–1.2, చివర 10–20. ఆ నాలుగు గీతలు రాయడానికి పావు నిమిషం కూడా పట్టదు.